నోరులేని గ్రాండ్‌మాస్టర్‌కు నాలుగు భాషలు

ప్రపంచంలోకెల్లా బలమైన చదరంగం ఇంజన్ చాతంలోనైనా చెన్నైలోనైనా ఉచితమే. దానితో మాట్లాడించే స్క్రిప్టు ముప్ఫై నలభై లైన్లకు మించదు. కానీ పిల్లల ఆటను బాగుచేసేదీ పాడుచేసేదీ ఆ లైన్లే

మంత్రి అంటే ఏ పావు? శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబంలోని పిల్లాడు రాజు పక్కనుండి ఎటు కావాలంటే అటు దూసుకుపోయే పావును చూపిస్తాడు. తమిళ పిల్లాడు దాన్ని రాణి అంటాడు. మంత్రి అంటే అతడి దృష్టిలో ఐమూలగా నడిచేది, తెలుగువారి శకటు. ఏనుగు సంగతి మరీ చిత్రం. తెలుగు, హిందీ, తమిళ పిల్లలకు అది మూలన నిలబడి నిలువుగానూ అడ్డంగానూ నడిచే పావు. బెంగాలీ పిల్లాడికి మూలన ఉండేది నౌక. ఏనుగు, అంటే గజం, ఐమూలగా వెళ్లేది. హిందీలో ఆ ఐమూల పావు ఒంటె. విశేషమేమిటంటే రష్యన్లు కూడా బెంగాలీల పక్షమే: వారికీ మూలన పడవ, ఐమూలన ఏనుగు.

ఈ గందరగోళం గుడివాడలోనో హన్మకొండలోనో పెద్దగా ఎదురుకాదు. అండమాన్‌లో తప్పదు. 2011 జనాభా లెక్కల ప్రకారం 3.8 లక్షల మంది ఉన్న ఈ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం తెలుగుదే. దాదాపు 50 వేలమంది, అంటే సుమారు 13 శాతం. అందులోనూ చాతం మరీ చిన్న దీవి. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కు చిన్న వంతెనతో అతుక్కుని ఉంటుంది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తొలి వలస స్థావరం పెట్టింది ఇక్కడే. 1883 నాటి రంపపు మిల్లు, ఆ మిల్లులో 1942 నాటి జపాన్ బాంబు తవ్విన గుంట, బాంబూఫ్లాట్‌కు వెళ్లే ఫెర్రీ రేవు, ఇవే ఈ దీవి గుర్తులు. వైజాగ్, చెన్నై, కోల్‌కతా ఓడలు ఆగే హడ్డో రేవు పక్కనే. నాలుగు భాషల పిల్లలు ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటన్నమాట.

ఇలాంటి చోట చదరంగం మీద మనసుపడ్డ పిల్లలకు కొరత ఏమిటో ఊహించడం కష్టం కాదు. బలమైన టోర్నమెంట్లన్నీ సముద్రానికి ఆవల. ఓడెక్కితే ప్రధాన భూభాగం చేరేసరికి రెండున్నర, మూడు రోజులు. విమానం చార్జీ పెట్టుకుని ఏడాదికి నాలుగైదు పోటీలకు తిరగగల కుటుంబాలు ఎన్ని? కోచ్ మాట సరేసరి. కోనేరు హంపికి ఇంట్లోనే తండ్రి అశోక్ రూపంలో గురువు దొరికాడు. ఆమె 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టరైంది, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియనైంది. పెంటేల హరికృష్ణ 2001లో, ద్రోణవల్లి హారిక 2011లో, అర్జున్ ఇరిగేశి 2018లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. అర్జునైతే 2024లో 2800 రేటింగ్ గడప దాటాడు. వీరందరి వెనకా ఆటను కూర్చోబెట్టి విప్పిచెప్పిన మనుషులున్నారు. అలాంటి మనిషి అందుబాటులో లేనప్పుడు మిగిలేది యంత్రమే.

ఒకప్పుడు ఆ యంత్రం దగ్గరికి వెళ్లడమూ ఇక్కడ ప్రయాసే. చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా అండమాన్ ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం దయ. పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చన్నది దీవుల్లో అరిగిపోయిన జోకు. ఆ రోజుల్లోనూ ఒక సౌకర్యం మాత్రం ఉండేది. చదరంగం ఇంజన్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు. ఒక్కసారి పెన్‌డ్రైవ్‌లో వచ్చిందంటే పాత ల్యాప్‌టాప్‌లోనైనా కూర్చుని పనిచేస్తుంది.

ఆ ఇంజన్ల రాజు స్టాక్‌ఫిష్. నార్వేకు చెందిన టోర్డ్ రోమ్‌స్టాడ్ రాసిన గ్లౌరుంగ్ అనే ప్రోగ్రామును తీసుకుని 2008లో ఇటలీకి చెందిన మార్కో కోస్టాల్బా మొదలుపెట్టింది. తర్వాత ఫిన్లాండ్‌కు చెందిన యూనా కీస్కీ జతకలిశాడు. నార్వేలో ఎండబెట్టి ఇటలీలో వండేది కాబట్టి ఎండుచేప పేరు పెట్టామని వారి చమత్కారం. 1997లో కాస్పరోవ్‌ను ఓడించిన డీప్‌బ్లూకు ఐబీఎం ప్రత్యేకంగా చిప్‌లు తయారుచేయించాల్సి వచ్చింది. ఇప్పుడు జేబులోని ఫోనులో నడిచే స్టాక్‌ఫిష్ ముందు ఏ ప్రపంచ చాంపియనూ నిలవలేడు. 2020 సెప్టెంబరులో వచ్చిన 12వ వెర్షన్‌తో అందులో చిన్న న్యూరల్ నెట్‌వర్క్ కూడా చేరింది. ఆ ఆలోచన జపాన్‌ది. అక్కడి చదరంగమైన షోగీ కోసం యూ నాసు 2018లో రూపొందించినది. దాంతో ఒకట్రెండు మెగాబైట్లుండే ఇంజన్ బాగా ఒళ్లు చేసింది గానీ, పెన్‌డ్రైవ్‌కు ఇప్పటికీ అది బరువేం కాదు.

చిక్కేమిటంటే, దీనికి బల్ల లేదు, పావులు లేవు, ముఖమే లేదు. స్టాక్‌ఫిష్‌ను డబుల్‌క్లిక్ చేస్తే నల్లటి కిటికీ తెరుచుకుని కర్సర్ మినుకుమినుకుమంటూ నిలబడిపోతుంది. చాలామంది పాడైపోయిందనుకుని మూసేస్తారు. నిజానికది ఆజ్ఞ కోసం ఎదురుచూస్తోంది. దానితో ఏ భాషలో మాట్లాడాలో 2000 నవంబరులో ఇద్దరు జర్మన్లు నిర్ణయించారు. ష్రెడ్డర్ ఇంజన్ కర్త స్టెఫాన్ మేయర్ కాలెన్, రుడాల్ఫ్ హుబర్ కలిసి ప్రకటించిన ఆ ఒప్పందం పేరు యూనివర్సల్ చెస్ ఇంటర్‌ఫేస్, పొట్టిగా యూసీఐ. అంతకుముందు టిమ్ మాన్ ఎక్స్‌బోర్డ్, విన్‌బోర్డ్‌ల పద్ధతి నడిచేది. యూసీఐ వచ్చాక క్రమంగా అందరూ దానివైపే మళ్లారు.

దాని సౌందర్యమంతా సాదాతనంలోనే. 'యూసీఐ' అని ఒక లైను పంపితే ఇంజన్ తన పేరు, తన మీటలేమిటో చెప్పి చివర 'యూసీఐఓకే' అంటుంది. 'ఈజ్‌రెడీ' అంటే 'రెడీఓకే' అని బదులిస్తుంది. 'పొజిషన్ స్టార్ట్‌పాస్ మూవ్స్' అని చెప్పి జరిగిన ఎత్తులన్నీ వరసగా ఇవ్వాలి: ఈ2ఈ4, ఈ7ఈ5, జీ1ఎఫ్3... తర్వాత 'గో మూవ్‌టైమ్ 1000' అంటే వెయ్యి మిల్లీసెకన్లు, అంటే ఒక సెకను, ఆలోచించి 'బెస్ట్‌మూవ్' అంటూ జవాబిస్తుంది. ఈలోగా తన ఆలోచనలను 'ఇన్ఫో' లైన్లుగా కుమ్మరిస్తూనే ఉంటుంది: ఎంత లోతు చూసింది, ఎవరిది పైచేయి, ముందు ఏ వరస నడుస్తుంది. అంతే. సంభాషణంతా పచ్చి అక్షరాలు. పైథాన్ వంటి స్క్రిప్టు భాషలో ఇంజన్‌ను పిల్ల ప్రోగ్రాముగా లేపి, దాని చెవికో గొట్టం, నోటికో గొట్టం తగిలించి, లైన్లు పంపుతూ లైన్లు చదువుకోవచ్చు. దీన్నే వ్రాపర్ అంటారు. ఇంజన్ చుట్టూ తొడిగే తొడుగు.

చాతంలో సాయంత్రం పూట పిల్లలకు చదరంగం చెప్పే ఒక టీచరుందనుకుందాం. ఆమె చేతిలో పాత ల్యాప్‌టాప్, పిల్లలు కాగితాల మీద రాసుకొచ్చిన ఆటలు ఉన్నాయి. 40 ఎత్తుల ఆటంటే రెండు వైపులా కలిపి 80 స్థితులు. ఒక్కోదానికి ఒక సెకను ఇస్తే 80 సెకన్లు. 20 ఆటలైతే 27 నిమిషాలు. దీవుల్లో కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల చలవే కాబట్టి పోయినా ఆశ్చర్యం లేదు, బ్యాటరీ మీదే పని పూర్తవుతుంది. మౌసు పట్టుకుని ఒక్కో ఎత్తే నొక్కుకుంటూ పోతే రెండు రాత్రులు పట్టే చాకిరీ ఇది. తేలికపాటి స్క్రిప్టు విలువ అక్కడుంది.

అయితే ముప్ఫై లైన్లే కదా అని అలుసు చేస్తే అవే ముప్పుతిప్పలు పెడతాయి. మొదటిది గొట్టాల గొడవ. పంపిన లైను మధ్యలో బఫర్‌లో ఇరుక్కుపోతే ఇంజన్‌కు ఏమీ చేరదు. అది ఆజ్ఞ కోసం, స్క్రిప్టు జవాబు కోసం ఎదురుచూస్తూ రెండూ 'ముందు మీరంటే ముందు మీరు' అనుకుంటూ ఆగిపోతాయి. ప్రతి లైను తర్వాతా గొట్టాన్ని ఖాళీ చేయడం ఒక్కటే మందు. రెండోది, పని ముగిశాక 'క్విట్' చెప్పడం మరిచిపోవడం. స్క్రిప్టు పోయినా కొన్నిసార్లు ఇంజన్ వెనక బతికే ఉండి ప్రాసెసర్‌ను నమిలేయవచ్చు. ల్యాప్‌టాప్ ఫ్యాను రొద చేస్తుంటే ఇలాంటి అనాథ ఇంజన్లు నాలుగైదు పోగుపడ్డాయేమో చూసుకోవాల్సిందే.

ఇవి యంత్రాన్ని ఆపే తప్పులు కాబట్టి వెంటనే దొరికిపోతాయి. యంత్రం ఆగకుండా అబద్ధం చెప్పించే తప్పులు మరీ ప్రమాదం. వాటిలో అందరూ పడే గొయ్యి ప్లస్, మైనస్ గుర్తు. యూసీఐలో ఇంజన్ చెప్పే స్కోరు ఎప్పుడూ ఎత్తు వేయాల్సిన వారి వైపు నుంచి ఉంటుంది. తెల్లవాడికి +3 ఉన్న స్థితిలో అతడు సరైన ఎత్తే వేశాడు. ఇప్పుడు వంతు నల్లవాడిది కాబట్టి ఇంజన్ -3 అంటుంది. ఏమీ మారలేదు, చూసే కన్ను మారింది. వ్రాపర్ దాన్ని తిరగేయకపోతే ప్రతి ఎత్తూ ఘోరమైన తప్పుగా కనిపిస్తుంది. స్కోరును గ్రాఫు గీస్తే రంపపు పళ్లలా వస్తుంది. చాతంలో ఆ ఆకారాన్ని ఎవరికీ వివరించనక్కర్లేదు. ఆట సమంగా సాగినంతసేపూ ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే సున్నాకు గుర్తు లేదు. ఒకరు గట్టిగా గెలుస్తున్నప్పుడే, అంటే పిల్లలకు మెచ్చుకోలు అవసరమైనప్పుడే, స్క్రిప్టు తిట్టడం మొదలుపెడుతుంది.

ఆటకట్టు లెక్క మరొకటి. మూడెత్తుల్లో కట్టు ఉందంటే ఇంజన్ స్కోరు బదులు 'మేట్ 3' అంటుంది. దాన్ని మామూలు అంకె అనుకుని చదివే స్క్రిప్టుకు ఆ గెలుపు మూడు సెంటీపాన్లలా, అంటే బంటులో వందో వంతుల్లో మూడులా, కనిపిస్తుంది. కట్టేసిన పిల్లాడికి 'నీ ఆధిక్యం 0.03' అని చీటీ ఇవ్వడం కంటే అన్యాయం ఏముంటుంది?

అన్నిటికంటే మెత్తని ముల్లు పిల్లల చేతిరాతలో ఉంటుంది. ఇంజన్‌కు అందుతున్నది సరైన ఎత్తేనని యూసీఐ నమ్మకం. అక్రమమైన ఎత్తు వస్తే గట్టిగా అరవాలన్న నిబంధనేమీ లేదు. స్టాక్‌ఫిష్ అలాంటి ఎత్తు దగ్గర మౌనంగా చదవడం ఆపేసి, అప్పటిదాకా ఉన్న స్థితినే పట్టుకుని ఆలోచించే పద్ధతిని చాలాకాలం పాటిస్తూ వచ్చింది. పిల్లాడు 14వ ఎత్తు దగ్గర ఎఫ్3 బదులు ఎఫ్5 అని రాశాడనుకోండి. ఆ తర్వాత 26 ఎత్తులకూ ఇంజన్ చెప్పేది ఆ 14వ ఎత్తు నాటి స్థితి గురించే. స్క్రిప్టు తప్పేమీ లేనట్టే నడుస్తుంది, నివేదిక ముచ్చటగా అచ్చవుతుంది, అందులో మూడింట రెండొంతులు చెత్త. అందుకే వ్రాపర్ తనలో తాను ఒక బల్ల పరుచుకుని, ప్రతి ఎత్తూ నియమబద్ధమేనా అని చూసుకున్నాకే ఇంజన్‌కు పంపాలి. ఈ పని చేతులతో రాసుకోనక్కర్లేదు. జర్మనీకి చెందిన నిక్లాస్ ఫీకాస్ రాసిన పైథాన్ చెస్ లైబ్రరీ నియమాలు, గొట్టాలు, ప్లస్ మైనస్‌ల తిరగేత అన్నీ చూసుకుంటుంది. లీచెస్ సైటులో లక్షలాది ఆటలను విశ్లేషించే ఫిష్‌నెట్ కూడా ఆయన చేతిపనే. అదీ స్టాక్‌ఫిష్ చుట్టూ తొడిగిన తొడుగే. స్వచ్ఛంద సేవకులు తమ కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని దానికి ఇస్తారు. మొదట పైథాన్‌లో రాసి, తర్వాత రస్ట్ భాషలోకి మార్చారు.

బల్ల ఉంటే ఇంకో లాభం. మొదట చెప్పుకున్న మంత్రి గొడవ అక్కడే తీరుతుంది. యూసీఐ పావుల పేర్లు ఎత్తదు. జీ1ఎఫ్3 అంటే ఆ గడి నుంచి ఈ గడికి, అంతే. కోట కట్టడం కూడా రాజు రెండు గడులు జరగడమే: ఈ1జీ1. బంటు చివరి గడి చేరి పెద్ద పావుగా మారినప్పుడు తప్ప పావును సూచించే అక్షరమే కనిపించదు. మనుషుల మధ్య తగాదాకు మూలమైన పేర్లను యంత్రం భాష పక్కకు నెట్టేసింది. కాబట్టి జీ1లో నిలబడ్డది ఏమిటో బల్లను అడిగి, ఆరు వరసలు, నాలుగు నిలువులు ఉన్న చిన్న పట్టికలో చూసి పేరు పెట్టవచ్చు. తెలుగు పిల్లాడి చీటీలో శకటు అని, బెంగాలీ పిల్లాడి చీటీలో గజ అని, హిందీ పిల్లాడికి ఊంట్ అని, తమిళ పిల్లాడికి మందిరి అని. ఇంజన్‌కు ఈ సంగతేమీ తెలియనక్కర్లేదు. పట్టిక మొత్తం 24 మాటలు. మార్కెట్లో వేలు పోసి కొనే చెస్ సాఫ్ట్‌వేర్‌లలో తెలుగు కోసం వెతుక్కునే శ్రమ తప్పుతుంది. ఒక్క జాగ్రత్త: విండోస్ నల్ల కిటికీలో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూడకుండా చెల్లాచెదురవుతాయి. జవాబును వెబ్‌పేజీగా రాయించి బ్రౌజర్‌లో తెరిస్తే అక్షరాలు కుదురుగా ఉంటాయి.

ఇంతవరకూ సాంకేతికం. అసలు తగాదా ఆ చీటీలో ఏం రాయాలన్న దగ్గర మొదలవుతుంది. ఇంజన్ చెప్పే అంకె పిల్లాడికి పాఠం కాదు. పైగా ఆ అంకె అర్థమే మారిపోయింది. ఒకప్పుడు +1 అంటే ఒక బంటు ఎక్కువున్నంత బలం. 2022 డిసెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1 నుంచి +1 అంటే తనలాంటి ఇంజన్‌తోనే ఆడితే గెలిచే అవకాశం సగం అని లెక్క. ఆ లెక్క యంత్రాల మధ్యది. పదేళ్ల పిల్లలిద్దరి మధ్య +1కీ -1కీ తేడా ఆ సాయంత్రం ఎవరు ఎక్కువ అలిసిపోయారన్నదే. అలాంటప్పుడు 0.4 పడిపోయిన ప్రతి ఎత్తునూ ఎర్రరంగులో చూపించే వ్రాపర్ పిల్లాడిని అనవసరంగా భయపెడుతుంది. ఆటంతటిలో అతిపెద్ద రెండు పొరపాట్లనే చూపించడం, స్కోరు +10 దాటాక తేడాలను పట్టించుకోకపోవడం మేలు. ఇదంతా రెండు మూడు లైన్ల మార్పే. 'మల్టీపీవీ' మీటను మూడుకు తిప్పితే ఇంజన్ మొదటి మూడు మంచి ఎత్తులు చెబుతుంది. పిల్లాడు వేసింది వాటిలో రెండోదో మూడోదో అయితే తప్పుపట్టాల్సిన పనే లేదు.

జవాబు ఎప్పుడు చూపించాలన్నది ఇంకా ముఖ్యం. ఇంజన్ నోరు ఎప్పుడూ తెరిచే ఉంచితే పిల్లలు బల్ల చూడడం మానేసి అంకె చూడడం మొదలుపెడతారు. బటన్ నొక్కితే ఎత్తు వచ్చేస్తుంటే మెదడుకు పనేముంది? స్క్రిప్టుకు ఈ విషయంలో ఓర్పు నేర్పవచ్చు. పొరపాటు జరిగిన స్థితిని చూపించి ముందు పిల్లాడి ఎత్తు అడగాలి. అతడు ఆలోచించి టైపు చేశాకే స్టాక్‌ఫిష్ ఏమందో బయటపెట్టాలి. ఖరీదైన ప్రోగ్రాములు అమ్ముకునేవారు ఇంత కఠినంగా ఉండలేరు, కొన్నవాడికి వెంటనే జవాబు కావాలి మరి. తన పిల్లల కోసం తానే రాసుకునే టీచరుకు ఆ మొహమాటం లేదు.

ఆడడానికి కూడా ఇంజన్‌ను కట్టేయవచ్చు. స్టాక్‌ఫిష్‌లో 'స్కిల్ లెవెల్' సున్నా నుంచి 20 దాకా ఉంటుంది. తగ్గించినప్పుడు అది పిల్లాడిలా ఆడుతుందనుకుంటే పొరపాటే. గ్రాండ్‌మాస్టరు మధ్యమధ్య కళ్లు మూసుకుని ఏదో ఒక పావు జరిపినట్టుంటుంది. దానిమీద గెలిచిన పిల్లాడికి పక్క వీధి పిల్లాడిని గెలిచిన తృప్తి దక్కదు. ఈ విషయంలో మనిషికి ప్రత్యామ్నాయం ఇంకా దొరకలేదనే చెప్పాలి.

ఇంత సులువైన పరికరానికి ఉన్న చీకటి ముఖమూ తెలిసిందే. 2006లో ఢిల్లీలో ఒక ఆటగాడు టోపీలో బ్లూటూత్ పరికరం దాచుకుని బయటి నుంచి ఎత్తులు తెప్పించుకుంటూ దొరికిపోయాడు. జాతీయ సమాఖ్య పదేళ్లు నిషేధించింది. దొంగను పట్టేదీ అదే ఇంజన్ కావడం తమాషా. అమెరికాలోని బఫలో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కెన్నెత్ రీగన్ ఇంజన్లతో వేలాది ఆటలను జల్లెడపట్టి, ఫలానా రేటింగున్న మనిషి ఇంత కచ్చితంగా ఆడడం ఎంత అసంభవమో లెక్కగట్టే పద్ధతి తయారుచేశారు. ఆయన చేసేదీ, చాతం టీచరు చేయాలనుకునేదీ మూలంలో ఒకటే: ఆటలోని ప్రతి స్థితినీ ఇంజన్‌కు చూపించి, మనిషి ఎత్తుతో పోల్చడం.

చివరగా ఉచితం మాట. స్టాక్‌ఫిష్ ఉచితమే గానీ అనాథ కాదు. జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్సు దానికి కాపలా. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కాకపోతే ఇతరులకు పంచేటప్పుడు మూలకోడు అందుబాటులో పెట్టాలి. దీన్ని పాటించలేదంటూ చెస్ సాఫ్ట్‌వేర్‌లో దిగ్గజమైన జర్మన్ కంపెనీ చెస్‌బేస్ మీద స్టాక్‌ఫిష్ బృందం 2021లో కోర్టుకెక్కింది. 2022 నవంబరులో రాజీ కుదిరింది. గొట్టం ద్వారా మాత్రమే మాట్లాడే స్క్రిప్టును సాధారణంగా వేరే ప్రోగ్రాముగానే చూస్తారు కాబట్టి దాన్ని ఏ లైసెన్సుతో ఇవ్వాలో రాసినవారి ఇష్టం. కానీ పైథాన్ చెస్ లైబ్రరీని లోపల వాడుకుంటే దానిదీ జీపీఎల్లే, ఆ స్క్రిప్టును పంచేటప్పుడు అదే బాట పట్టాలి. పిల్లల పెన్‌డ్రైవ్‌లలో ఇంజన్‌ను కాపీ చేసి ఇచ్చే టీచరు దాని పక్కనే మూలకోడు జిప్ ఫైలునూ, లైసెన్సు కాగితాన్నీ వేస్తే సరిపోతుంది.

కేబుల్ వచ్చాక ఇదంతా ఎందుకు, సైటుకెళ్లి చూసుకోవచ్చు కదా అనవచ్చు. చూసుకోవచ్చు. అక్కడా విశ్లేషణ దొరుకుతుంది, ఆడడానికి ప్రపంచమంతా దొరుకుతుంది. కానీ ఏ రెండు తప్పులు చూపించాలో, జవాబు ఎంతసేపు దాచాలో, ఏనుగును ఏ పిల్లాడికి ఏమని పిలవాలో సైటు అడగదు. స్క్రిప్టు మాత్రం మొదటి లైనులోనే అడుగుతుంది: పేరు? భాష? తెల్లా, నల్లా?